గుర్రం ఫోటోలు సరే, ఆ ప్యాంటు లోపల సంగతి కూడా రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పిల్లల హార్స్ రైడింగ్ గురించి రెండు పేజీలు వేశారు. ఫోటోలు చాలా బాగున్నాయి, తెల్ల ప్యాంటు నల్ల బూట్లు వేసుకున్న ఆ బాబైతే అచ్చం రాజకుమారుడిలా ఉన్నాడు. గుర్రం ఎక్కితే నడుం నిటారుగా నిలబడుతుంది, భయం పోతుంది, ఏకాగ్రత వస్తుంది అని అన్నీ రాశారు, అవన్నీ నిజమే, నేను కాదనను. కానీ ఆ తెల్ల ప్యాంటు లోపల ఏం జరుగుతుందో ఒక్క ముక్క రాయలేదు. అందుకని నేను రాద్దామని కూర్చున్నా. కొంచెం పెద్దదైపోతుందేమో, మీకు కావలసినట్టు కత్తిరించుకోండి, కానీ మెడికల్ షాపు ట్యూబు గురించి రాసింది మాత్రం తీసెయ్యొద్దు ప్లీజ్.

నాకు 44 ఏళ్ళు, అత్తాపూర్‌లో ఉంటాం. 2023లో ఏషియన్ గేమ్స్‌లో మనవాళ్ళకి డ్రెసాజ్‌లో, అదే గుర్రం చేత లయగా అడుగులు వేయించే పోటీలో, టీం గోల్డ్ వచ్చింది కదా, 41 ఏళ్ళ తర్వాత గుర్రపు స్వారీలో మళ్ళీ గోల్డ్ అని టీవీల్లో ఒకటే చెప్పారు, అది చూసిన దగ్గర్నుంచి మా అమ్మాయి నేనూ నేర్చుకుంటా అని పట్టు పట్టింది. సర్లే అని మొయినాబాద్ వైపు ఒక రైడింగ్ స్కూల్లో చేర్పించాం. వారానికి రెండు రోజులు పొద్దున్నే ఆరింటికి దాన్ని దింపి, కార్లో కూర్చుని ఫోన్ చూసుకోవడం ఎందుకు, నేనూ ఎక్కితే పోలా అనిపించి నేను కూడా ఫీజు కట్టేశా. మా అత్తయ్య అయితే ఈ వయసులో నీకెందుకమ్మా ఈ గుర్రాలు, ఎప్పుడో పెళ్ళి బరాత్‌లో మా అబ్బాయి ఎక్కాడు, అది చాలదా అంది.

మొదటి రోజు జీన్స్ వేసుకుని వెళ్ళా, ఎవరూ వద్దని చెప్పలేదు. జీన్స్ ప్యాంటుకి లోపలి వైపు తొడ మీదుగా రెండు వరసల మందపాటి కుట్టు ఉంటుంది చూశారా, సరిగ్గా అదే జీనుకి మన కాలికి మధ్యలో పడుతుంది. గుర్రం ట్రాట్ అంటే ఆ దుడుకు నడకలో నిమిషానికి దాదాపు 70, 80 సార్లు నాలుగు కాళ్ళ అడుగూ పూర్తి చేస్తుంది, దానికి తగ్గట్టు మనం లేచి కూర్చోవాలి, అంటే ఒక్క 20 నిమిషాలు ట్రాట్ చేస్తే ఆ కుట్టు దాదాపు 1500 సార్లు అదే చోట రాసుకుంటుంది. ఇంటికొచ్చి స్నానానికి నీళ్ళు పోసుకోగానే కెవ్వుమన్నా. రెండు తొడలూ లోపలి వైపు ఒరుసుకుపోయి ఎర్రగా కందిపోయాయి, మోకాలి లోపల చర్మం లేచిపోయింది, పిక్కల మీద రికాబు, అదే పాదం పెట్టుకునే కడియం, దాని పట్టీ నొక్కుకున్న చోట నల్లగా కమిలింది. మన సినిమాల్లో హీరోలు తొడ కొడతారు చూడండి, నాకు ఆ రోజు మావారు పొరపాటున అక్కడ చెయ్యి వేసినా ప్రాణం పోయేట్టుంది.

మర్నాడు స్కూల్లో గుర్రాలు చూసుకునే సైస్‌ని అడిగితే ఆదత్ అయిపోతది మేడం అన్నాడు. కోచ్ కూడా అదే మాట. అలవాటవుతుంది నిజమే, సరిగ్గా కూర్చోవడం వచ్చాక రాపిడి తగ్గుతుంది, కొత్తవాళ్ళు పడిపోతామన్న భయంతో మోకాళ్ళు బిగబట్టి జీనుని పట్టుకుంటారు కాబట్టి వాళ్ళకే ఎక్కువ ఒరుసుకుంటుంది, రికాబు మరీ పొట్టిగానో పొడుగ్గానో పెట్టినా అంతే. కానీ అలవాటయ్యేలోపు చర్మం పోతే ఎలా? ఆ మాట అడగడానికి నాకు సిగ్గేసింది. ఎక్కడ మంట అంటే ఎక్కడ అని చూపించను, కోచ్ మా తమ్ముడి వయసు కుర్రాడు. నేనే కాదు, అక్కడికొచ్చే మిగతా అమ్మలతో నెమ్మదిగా మాట కలిపితే ప్రతి ఇంట్లోనూ ఇదే కథ, ప్రతివాళ్ళూ ఇది తమకొక్కరికే వచ్చిందనుకుని నోరు మూసుకుని కూర్చున్నారు. మీ రెండు పేజీల్లో ఒక చిన్న బాక్స్ కట్టి ఈ ముక్క వేసుంటే సగం మందికి ప్రాణం లేచొచ్చేది సార్.

జీన్స్ తర్వాత లెగ్గింగ్స్ ట్రై చేశా, అవి పల్చగా ఉండి మోకాలి వెనక ముడతలు పడ్డాయి, ఆ ముడతలే కోసేశాయి. అప్పుడు ఆన్‌లైన్‌లో బ్రీచెస్, అంటే స్వారీకని కుట్టే ప్యాంట్లు, కొన్నాం, నాకూ అమ్మాయికీ చెరొకటి. బ్రీచెస్‌కి తొడ లోపలి వైపు ఆ లావు కుట్టు రాకుండా కుడతారు, మోకాలి దగ్గర ఒక పట్టీ వేస్తారు, కొన్నింటికి కూర్చునే చోట సిలికాన్ చుక్కలు ఉంటాయి జీను మీద జారకుండా. వినడానికి బాగానే ఉంది కదా. కానీ ఆ గుడ్డ మొత్తం నైలాన్, స్పాండెక్స్. పైగా నేను చాదస్తం కొద్దీ టైట్‌గా ఉంటేనే స్టైల్ అని ఒక సైజు చిన్నది తీసుకున్నా. మే నెల మన హైదరాబాద్ ఎండ తెలుసు కదా, పొద్దున ఏడున్నరకే మాడిపోతుంది, ఆ ప్యాంటు, దాని మీద పిక్కలకి చుట్టుకునే తోలు తొడుగులు, అవే హాఫ్ చాప్స్, కాళ్ళకి పొట్టి బూట్లు, చేతికి గ్లౌజులు, తలకి హెల్మెట్. లోపల ఇడ్లీ పాత్రే.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. ఈ రైడింగ్ ప్యాంట్లని ఇంగ్లీషువాళ్ళు జోధ్‌పూర్స్ అంటారు, ఎందుకో మీకు తెలిసే ఉంటుంది. 1897లో విక్టోరియా రాణి డైమండ్ జూబ్లీకి జోధ్‌పూర్ నుంచి సర్ ప్రతాప్ సింగ్ తన పోలో టీంతో ఇంగ్లండ్ వెళ్ళాడు, వాళ్ళు వేసుకున్న ప్యాంట్లు తొడల దగ్గర బుట్టలా వదులుగా, మోకాలి కింద నుంచి బిగుతుగా ఉండేవి, అవి అక్కడివాళ్ళకి తెగ నచ్చేసి పేరు కూడా ఆ ఊరిదే ఉంచేశారు. అంటే మన రాజస్థాన్‌లో తొడల దగ్గర వదులుగా కుట్టుకున్న ప్యాంటు అన్నమాట. తర్వాత సాగే సింథటిక్ గుడ్డలు వచ్చాక ఆ బుట్ట తీసేసి కాలికి అతుక్కుపోయేట్టు చేశారు, ఇప్పుడు అదే మళ్ళీ మన దగ్గరికి ఇంపోర్టెడ్ అని వచ్చింది, చలి దేశంలో పనికొచ్చే ప్యాంటు వేసుకుని మన పిల్లలు మే నెలలో సమ్మర్ క్యాంపులకి వెళ్తున్నారు. మనది మనమే ఇచ్చి, చెడగొట్టించుకుని, డబ్బులిచ్చి తిరిగి కొనుక్కున్నాం, ఏమనాలి దీన్ని.

సరే అసలు విషయానికొస్తా. బ్రీచెస్ వేసుకున్న మూడు వారాలకి నాకు గజ్జల్లో దురద మొదలైంది. ఒరుపు అయితే మంట పుడుతుంది, ఇది మంట కాదు దురద, రాత్రి పడుకుంటే ఇంకా ఎక్కువ. ఎవరికి చెప్తాం? మెడికల్ షాపుకెళ్ళి గొంతు తగ్గించి చర్మానికి దురదగా ఉంది అంటే ఎక్కడ ఎన్నాళ్ళ నుంచి అని కూడా అడక్కుండా ఆ అబ్బాయి ఒక ట్యూబు ఇచ్చాడు. రెండు రోజుల్లో దురద పోయింది, ఎరుపు పోయింది, ఎంత మంచి మందో అనుకున్నా. ఆపిన నాలుగు రోజులకి మళ్ళీ వచ్చింది, మళ్ళీ రాశా, మళ్ళీ పోయింది. ఇలా నాలుగు నెలలు సార్. ఆఖరికి అది గజ్జల్లోంచి తొడల మీదకి, నడుం దగ్గర ఎలాస్టిక్ చుట్టూ వలయాలు వలయాలుగా పాకింది, తొడల లోపల చర్మం సిగరెట్ కాగితంలా పల్చబడి ఎర్రటి చారలు పడ్డాయి.

అప్పుడు స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళా. ఆవిడ ట్యూబు చూసి ఇందులో స్టెరాయిడ్ ఉంది, క్లోబెటసాల్ అని చెప్పింది. నీకు వచ్చింది తామర, చెమట తడి, బిగుతు గుడ్డ, రాపిడితో దెబ్బతిన్న చర్మం మూడూ కలిస్తే ఫంగస్‌కి పండగే, స్టెరాయిడ్ రాస్తే దురద, ఎరుపు అణిగిపోతాయి కానీ ఫంగస్ చావదు, చర్మం తిరగబడే శక్తిని కూడా అదే నొక్కేస్తుంది కాబట్టి లోలోపల హాయిగా పెరుగుతుంది అంది. స్లైడ్ మీదకి కొంచెం చర్మం గీకి మైక్రోస్కోప్‌లో చూసి కన్ఫర్మ్ చేసింది. ఆ చారలు మాత్రం పూర్తిగా పోవంట, లేతబడతాయి అంతే. 2018లోనే కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. నాకు అమ్మినవాడు చీటీ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు, ఎవర్నని ఏం లాభం, సిగ్గుపడి గొంతు తగ్గించింది నేనే కదా.

ఆవిడ మాత్రలు, పూత మందు రెండూ ఇచ్చింది. పూత మందు మచ్చ మీదే కాకుండా దాని అంచు దాటి రెండు వేళ్ళ మందాన చుట్టూ రాయాలి, మచ్చ కనపడకుండా పోయాక కూడా రెండు వారాలు ఆపకూడదు, మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది అని గట్టిగా చెప్పింది. నా బట్టలు ఇంట్లోవాళ్ళవాటితో కలపకుండా వేడినీళ్ళలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేసి, ఇస్త్రీ చెయ్యమంది. అప్పుడేమో మన దగ్గర వానలు, ఎండ ఎక్కడిది, స్పాండెక్స్ మీద ఇస్త్రీ పెట్టె వేడిగా పెడితే కరిగిపోతుంది, తిప్పలు పడ్డా. ఒకటే తువ్వాలు ఇంట్లో నలుగురు వాడే అలవాటు మా ఇంట్లో అప్పుడు పోయింది.

మా అమ్మాయిది ఇంకో రకం గోల. దానికి తొడల దగ్గర పెద్దగా ఏం లేదు, కానీ రెండు చేతుల వేళ్ళ మధ్యలో, పిక్కల మీద చిన్న చిన్న నీటి పొక్కులు, దురద, తర్వాత పై చర్మం ఊడడం. రైడింగ్ ఉన్న రోజు కాదు, ఆ మర్నాడు సాయంత్రానికో ఆ మరుసటి రోజుకో వచ్చేవి, అందుకే దీనికీ దానికీ లింకు మాకు తట్టలేదు. స్కూల్లో చాక్‌పీస్ అనుకున్నాం, సర్ఫ్ అనుకున్నాం, వంకాయ మానిపించాం. డాక్టరమ్మే వీపు మీద వరసగా చిన్న చిన్న బిళ్ళలు అంటించి ఏది పడట్లేదో చూసే ప్యాచ్ టెస్ట్ చేసింది, 48 గంటలు తడపకుండా ఉంచి తీసి చూసి, మళ్ళీ రెండు రోజులాగి ఇంకోసారి చూసింది. క్రోమియం దగ్గర ఎర్రగా ఉబ్బింది. పచ్చి తోలుని కుళ్ళకుండా పదును చెయ్యడానికి క్రోమియం వాడతారు, చెమట పట్టినప్పుడు అది కొంచెం కొంచెం బయటికొచ్చి చర్మానికి తగులుతుందట. గ్లౌజులు, హాఫ్ చాప్స్ రెండూ తోలువే. వాటి బదులు గుడ్డ గ్లౌజులు, సింథటిక్ చాప్స్ కొన్నాం, చాప్స్ కింద పొడుగు కాటన్ సాక్స్ వేస్తున్నాం, మూడు వారాల్లో తగ్గింది. కొంతమందికి తోలు పడుతుంది కానీ ఎలాస్టిక్‌లో రబ్బరు పడదు, నడుం చుట్టూ పట్టీలా దద్దుర్లు వస్తాయి, కొంతమందికి ప్యాంటు బటన్‌లో నికెల్ పడదు, బొడ్డు కింద రూపాయి బిళ్ళంత మచ్చ వస్తుంది. ఎక్కడ వచ్చిందో ఆ చోటు చూస్తేనే సగం జవాబు తెలిసిపోతుంది అంది ఆవిడ, నాకు ఆ మాట బాగా నచ్చింది.

హెల్మెట్ల గురించి ఒక్క మాట. స్కూళ్ళల్లో ఒక డబ్బాలో పది హెల్మెట్లు పడేసి ఉంచుతారు, ఏ పిల్ల తలకి ఏది పడితే అది. ముందు బ్యాచ్ పిల్లాడి చెమట ఇంకా ఆరకముందే రెండో బ్యాచ్‌కి పెడతారు. నుదుటి మీద చెమటకాయలు, మొటిమలు సరే, తలలో తామర కూడా అలాగే పాకుతుంది, పేల సంగతి నేను చెప్పక్కర్లేదు. కొనగలిగితే పిల్లకి సొంత హెల్మెట్ కొనండి, లేకపోతే పల్చటి కాటన్ టోపీ ఒకటి కింద పెట్టి రోజూ ఉతకండి. అంతేగానీ చెమటగా ఉందని హెల్మెట్ మానెయ్యనివ్వకండి, గుర్రం మీంచి పడితే తలకి తగిలే దెబ్బే అన్నిటికంటే ప్రమాదం.

ఇప్పుడు మేము ఏం చేస్తున్నామో కూడా చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. బ్రీచెస్ సరైన సైజుది, కాటన్ కలిసిన గుడ్డది వేసుకుంటున్నా, కొత్తది కొంటే ముందు రెండుసార్లు ఉతికాకే కాలికి ఎక్కిస్తున్నా, కొత్త గుడ్డలో రంగు, గంజి లాంటివి ఉంటాయి కదా. దాని లోపల సైక్లింగ్ వాళ్ళు వేసుకునేలాంటి పల్చటి పొడుగు కాళ్ళ ఇన్నర్, మధ్యలో కుట్టు లేనిది. అందరూ లోపల కాటనే మంచిది అంటారు, మామూలు రోజుల్లో నిజమే, కానీ గుర్రం మీద కాటన్ లోదుస్తులు చెమటని పీల్చుకుని తడిగానే ఉండిపోతాయి, ఉండలా చుట్టుకుని కోస్తాయి, ఇది నేను ఒళ్ళు కాల్చుకుని నేర్చుకున్నది. పైగా ఆ సిలికాన్ చుక్కలు ప్యాంటుని జీనుకి పట్టి ఉంచుతాయి, కదిలేది లోపల మన చర్మం, కాబట్టి లోపలి పొర నున్నగా ఉండాలి. ఎక్కే ముందు ఒరుసుకునే చోట పొడి చర్మం మీద పల్చగా పెట్రోలియం జెల్లీ రాస్తా, దండిగా రాస్తే గుడ్డకి, జీనుకి జిడ్డు అంటుకుని సైస్ తిడతాడు. పౌడర్ చల్లడం మానేశా, చెమటకి ముద్దకట్టి అదే గరుకుపడుతుంది. దిగాక ఆ బట్టల్తోనే టిఫిన్ సెంటర్‌కెళ్ళి ఇడ్లీ తిని కబుర్లు చెప్పి పదింటికి ఇంటికొచ్చేవాళ్ళం ఇదివరకు, అదే పెద్ద తప్పు, ఇప్పుడు కార్లో ఒక పాత కాటన్ నైటీ, అమ్మాయికి వదులు పైజమా పెట్టుకుంటున్నాం, దిగగానే మార్చేసుకోవడమే.

ఒరుసుకుపోతే మామూలు నీళ్ళతో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది, చంటిపిల్లలకి డైపర్ దగ్గర రాసే జింక్ ఆక్సైడ్ క్రీం రాసి, ఆరేదాకా గుర్రం ఎక్కకూడదు, అంతే. మా అత్తయ్య పసుపు, కొబ్బరినూనె వేడి చేసి తెచ్చింది, ప్రేమే, కానీ చర్మం లేచిపోయిన చోట పసుపు మండుతుంది, మావారు నీళ్ళలో యాంటిసెప్టిక్ లోషన్ పోసి కడుక్కో అన్నారు, అది ఇంకా మండుతుంది. చీము పట్టినా, ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా, వలయంలా అంచు కట్టినా ఇంట్లో ప్రయోగాలు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, షుగర్ ఉన్నవాళ్ళయితే ఇంకా ముందే వెళ్ళాలి.

రైడింగ్ స్కూళ్ళ వాళ్ళకి కూడా మీ పేపర్ ద్వారా ఒక మాట. ఫీజు కట్టించుకునే ఫారం మీద రిస్క్ మాది కాదు అని చిన్న అక్షరాల్లో పేజీ నిండా రాస్తారు, దాని వెనక జీన్స్ వేసుకుని రాకండి, లోపల ఇలాంటిది వేసుకోండి, ఒరుసుకుంటే చెప్పండి అని నాలుగు లైన్లు రాస్తే మీ సొమ్మేం పోదు. పోటీల్లోనే ఎండ మరీ ఎక్కువుంటే కోటు లేకుండా రైడ్ చెయ్యడానికి ఒప్పుకుంటారు, అలాంటిది ప్రాక్టీస్‌లో పదేళ్ళ పిల్లలకి ఫోటోల కోసం ఫుల్ డ్రెస్ ఎందుకండీ? అమ్మాయిలకి ఒక లేడీ కోచ్‌నో, కనీసం మాట్లాడడానికి ఒక ఆంటీనో పెట్టండి. శివరాంపల్లిలో పోలీస్ అకాడమీ ఉంది, ఐపీఎస్ ట్రైనింగ్‌లో అందరికీ గుర్రపు స్వారీ ఉంటుంది, ఆడవాళ్ళకి కూడా, బ్యాచ్ తర్వాత బ్యాచ్ ఇదే ఊళ్ళో ఇదే ఎండలో నేర్చుకుని వెళ్తున్నారు. వాళ్ళ దగ్గరికి మీ రిపోర్టర్‌ని పంపి మొదటి నెల ఎలా గడిచింది, ఏం వేసుకున్నారు, ఏం రాసుకున్నారు అని అడిగించండి, మా అందరికంటే వాళ్ళకే ఎక్కువ తెలిసి ఉంటుంది, ఆ రెండు పేజీలు నేను దాచుకుంటా.

నేను ఇప్పటికీ వెళ్తున్నా. మొన్న మొదటిసారి కాంటర్, అంటే ట్రాట్ కంటే వేగంగా పరుగు, చేశా, పడలేదు.

నా పేరు వేసుకోండి పర్లేదు అని ముందు రాశాను, మా అమ్మాయి భుజం మీంచి చదివి అమ్మా గజ్జలు అని పేపర్లో నీ పేరుతో వస్తే నేను ఇంక స్కూలుకి వెళ్ళను అని ఏడుపు మొహం పెట్టింది. కాబట్టి ఈసారికి పేరు వద్దులెండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
అత్తాపూర్, హైదరాబాద్